యంత్రం లోపలి యంత్రాలు – వాటి లైసెన్సుల లెక్క

లైసెన్సు అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తుకు వచ్చేది కారు నేర్చుకుంటున్న పదహారేళ్ల పిల్లలు. కంప్యూటర్ విభాగాలలో పనిచేసే మనవారికి మాత్రం గత రెండు మూడేళ్లుగా ఆ మాట వినగానే వేరొక ఆందోళన కలుగుతోంది. "ఈసారి మా రెన్యువల్ కొటేషన్ ఎన్ని రెట్లు వచ్చిందో తెలుసా?" అన్న ప్రశ్న వారాంతపు విందులలో సాంబారుకూ పెరుగుకూ మధ్య కూడా వినిపిస్తోంది. ఆ వృత్తిలో లేనివారు మర్యాదకు తల ఊపి ఊరుకుంటారు. ఇంతకూ అది ఏ వస్తువుకు కడుతున్న ధర? ఆ వస్తువును ఏ కొలతతో కొలుస్తున్నారు? ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉంది? ఈ మూడు సంగతులు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. రసాయన శాస్త్రం చదివినవానికి ఈ ప్రసక్తి ఎందుకని కొందరు అడగవచ్చు. నేటి రసాయన ప్రయోగశాలలో గాజు కుప్పెలతో పాటు కంప్యూటర్లూ అడుగడుగునా ఉంటాయి. ఆ సంబంధం కొద్దిసేపటిలో తెలుస్తుంది.

సర్వర్ అంటే ఇతర కంప్యూటర్లకు సేవలు అందించే కంప్యూటర్. ఒక సర్వర్‌కు ఒకే పని అప్పగిస్తే దాని శక్తిలో అధికభాగం ఉపయోగం లేకుండా పడి ఉంటుంది. అందుచేత ఒక యంత్రాన్ని లోపల అనేక యంత్రాలుగా విభజించి, ప్రతి ఒక్కదానికీ తానే సంపూర్ణమైన కంప్యూటర్‌నన్న భ్రమ కల్పిస్తారు. ఈ విద్య పేరు వర్చువలైజేషన్. విభజన చేసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. అలా ఏర్పడిన లోపలి కంప్యూటర్‌ను ఈ వ్యాసం వరకు మిథ్యాయంత్రం అందాం. వేదాంతులు చెప్పే మిథ్యకూ దీనికీ కొంత పోలిక లేకపోలేదు. లోపల ఉన్న విండోస్‌కు అంతా సత్యంగానే తోస్తుంది. బయటనుండి చూసేవారికే అసలు సంగతి తెలుస్తుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1960లలో ఐ.బి.ఎం. సంస్థ మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి కేంద్రంలో దీనికి పునాది వేసి, 1972లో వి.ఎం./370 అనే వ్యవస్థను ప్రకటించింది. ఒక ప్రాసెసర్‌ను ఇలా విభజించాలంటే దాని ఆదేశాలకు ఎటువంటి లక్షణాలు ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సూత్రీకరించారు. మన బల్లల మీదికి వచ్చిన ఇంటెల్ తరహా ప్రాసెసర్ ఆ పరీక్షలో తప్పింది. దాని ఆదేశాలలో కొన్ని, అధికారం లేని చోట ప్రయోగించినప్పుడు అభ్యంతరం చెప్పకుండా, చడీచప్పుడు లేకుండా వేరొక ఫలితాన్ని ఇచ్చేవి. అటువంటి ఆదేశాలను నడిచే సమయంలోనే పట్టుకొని తిరగరాసే ఉపాయంతో 1998లో వి.ఎం.వేర్ సంస్థ పుట్టింది. డయాన్ గ్రీన్, మెండెల్ రోజెన్‌బ్లమ్, మరి ముగ్గురు దాని స్థాపకులు. ఆ సంస్థ 1999లో బల్లమీది కంప్యూటర్లకూ, 2001లో సర్వర్లకూ తగిన సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. 2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు ప్రాసెసర్లలోనే ఈ సదుపాయాన్ని చేర్చాయి. అప్పటినుండి విభజన అన్నది ఏ ఒక్కరి చేతిలోనో ఉండే రహస్య విద్యగా మిగలలేదు. విభజన చౌకబడింది, ధర మరొక చోటికి చేరుకుంది. ఆ చోటు ఏదో చూడబోతున్నాం.

ముందు మా ప్రయోగశాలల మాట. క్రొమటోగ్రాఫ్ వంటి పరికరం సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. దానిని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం తాను పుట్టిన నాటి విండోస్‌ను విడిచి రాదు. విండోస్ ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014లోనూ, విండోస్ 7కు 2020లోనూ ముగిసింది. పరికరాలకు ఆ సంగతి పట్టదు. పాత కంప్యూటర్ ప్రాణం విడిచినప్పుడు, లక్ష డాలర్ల పరికరాన్ని పారవేయలేక, ఆ పాత విండోస్‌ను ఒక మిథ్యాయంత్రంలో నిలబెట్టి, బయటి నెట్‌వర్క్‌కు అందకుండా కంచె కట్టి నడుపుకుంటారు. నెట్‌వర్క్ తీగ ద్వారా మాట్లాడే పరికరమైతే ఈ ఏర్పాటు చక్కగా సాగుతుంది. కంప్యూటర్ లోపల ప్రత్యేకమైన కార్డు బిగించుకొని మాట్లాడేదైతే మొండికేస్తుంది. ఏమైనా, పదేళ్ల నాటి ప్రయోగఫలితాలను మళ్లీ తెరిచి చూడవలసి వచ్చినప్పుడు చాలా చోట్ల మాకు దిక్కు ఆ మిథ్యాయంత్రాలే.

ఇక అసలు విషయం. హైపర్‌వైజర్‌కు తాను కూర్చున్న సర్వర్ తప్ప పక్క సర్వర్ సంగతి తెలియదు. పది సర్వర్లు, వాటి మీద రెండువందల మిథ్యాయంత్రాలు ఉన్నప్పుడు ఏది ఎక్కడ నడుస్తోందో, దేనికి ఎంత జ్ఞాపకశక్తి ఇచ్చారో, ఒక సర్వర్ కూలిపోతే దాని మీదివాటిని ఎక్కడ తిరిగి లేపాలో చూసుకోవడానికి వేరొక సాఫ్ట్‌వేర్ కావాలి. అదే నిర్వహణ సాఫ్ట్‌వేర్. వి.ఎం.వేర్ వారిది 2003లో వర్చువల్ సెంటర్ పేరుతో వచ్చి తరువాత వి-సెంటర్ అయింది. మైక్రోసాఫ్ట్ వారిది సిస్టమ్ సెంటర్ కుటుంబంలోని వర్చువల్ మెషిన్ మేనేజర్. 1984లో రద్దయ్యేవరకు మన ఆంధ్రదేశపు పల్లెలలో ఉన్న కరణాన్ని తలచుకుంటే దీని స్వరూపం తెలుస్తుంది. కరణం పొలం దున్నడు, నీరు పెట్టడు. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎంత శిస్తు కట్టాలో ఆయన దస్తరంలో ఉంటుంది. ఆ దస్తరం కదలకుండా ఊళ్లో ఏ లావాదేవీ కదలదు.

నిర్వహణ సాఫ్ట్‌వేర్ చేసే పనులలో అత్యద్భుతమైనది, నడుస్తున్న మిథ్యాయంత్రాన్ని ఆపకుండా ఒక సర్వర్ నుండి మరొక సర్వర్‌కు తరలించడం. వి.ఎం.వేర్ వారు దీనిని వి-మోషన్ అన్నారు. నీటిలో కరిగిన పదార్థాన్ని ఈథర్‌తో పలుమార్లు కడిగి లాగడం కళాశాలలో చేసినవారికి ఈ ప్రక్రియ సులభంగా అర్థమవుతుంది. మొదటి విడతలో జ్ఞాపకశక్తిలోని సమాచారాన్నంతా రెండవ సర్వర్‌కు నకలు చేస్తారు. ఈలోగా యంత్రం పనిచేస్తూనే ఉంటుంది కనుక కొంత భాగం మారిపోతుంది. రెండవ విడతలో ఆ మారిన భాగాన్ని మాత్రమే నకలు చేస్తారు. మూడవ విడతలో అంతకంటె తక్కువ మిగులుతుంది. మిగిలినది అత్యల్పం అయినప్పుడు రెప్పపాటు కాలం యంత్రాన్ని ఆపి, ఆ శేషాన్ని కూడా తరలించి, కొత్తచోట నడిపిస్తారు. దాని మీద పనిచేస్తున్న మనిషికి తెలియనే తెలియదు.

విభజన ఎంత చౌకబడిందో, నిర్వహణ ఎంత ప్రియమైనదో తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలు. వి.ఎం.వేర్ సంస్థ 2008లో తన హైపర్‌వైజర్ ఇ.ఎస్.ఎక్స్.ఐ.ను ఉచితంగా ఇచ్చింది. ఆ ఉచిత లైసెన్సుతో ఎన్ని మిథ్యాయంత్రాలనైనా పుట్టించుకోవచ్చు. వి-సెంటర్‌కు జతచేయడానికి మాత్రం వీలులేదు. పొలం ఉచితమే, కరణం దస్తరంలోకి ఎక్కాలంటే రుసుము చెల్లించాలన్న మాట. 2023 వరకు ఎక్కించాలంటే రెండు లైసెన్సులు కావలసి ఉండేవి: ప్రతి సర్వర్‌కూ దాని ప్రాసెసర్ల లెక్కన ఒకటి, వి-సెంటర్‌కు విడిగా మరొకటి. ఒకటి కొని రెండవది కొనకపోతే తరలింపు ఉండేది కాదు, సర్వర్ కూలినప్పుడు వేరొకచోట తిరిగి లేపే ఏర్పాటూ ఉండేది కాదు. కొత్తగా స్థాపించిన సాఫ్ట్‌వేర్‌ను కొంత గడువు వరకు పరీక్షించి చూడనిస్తారు. గడువు తీరితే సర్వర్లు వి-సెంటర్ నుండి విడిపోతాయి. అప్పటికే నడుస్తున్న మిథ్యాయంత్రాలు నడుస్తూనే ఉంటాయి. ఒకసారి ఆపితే మళ్లీ లేవవు. ఈ చివరి సంగతి తెలియక రాత్రిపూట ఆపివేసి, తెల్లవారి తలపట్టుకొని కూర్చున్నవారి కథలు ఈ వృత్తిలో వినిపిస్తూ ఉంటాయి.

ఇప్పుడు కొలబద్ద విషయానికి వద్దాం. బియ్యాన్ని కుంచంతో కొలుస్తాం, బంగారాన్ని తులాలలో తూస్తాం. సాఫ్ట్‌వేర్‌కు బరువు లేదు, ఘనపరిమాణమూ లేదు. 1969లో ఐ.బి.ఎం. సంస్థ సాఫ్ట్‌వేర్‌ను యంత్రం నుండి వేరుచేసి విడిగా ధర కట్టబోతున్నట్లు ప్రకటించిన నాటినుండి, దేనిని లెక్కపెట్టి డబ్బు అడగాలన్నది అమ్మేవారిని వేధిస్తున్న సమస్యే. వర్చువలైజేషన్ రంగంలో మొదట సాకెట్‌ను లెక్కపెట్టారు. సాకెట్ అంటే ప్రాసెసర్ చిప్పు కూర్చునే పీట. చిప్పులో కోర్ ఒకటి ఉన్నా నాలుగు ఉన్నా పీట ఒక్కటే కనుక కొనేవారికి లాభం. కోర్ అంటే చిప్పు లోపల లెక్కలు చేసే స్వతంత్రమైన భాగం. కాలక్రమాన ఒక్కొక్క చిప్పులో పదులకొద్దీ కోర్‌లు వచ్చాయి. రెండే పీటలున్న సర్వర్ మీద వంద మిథ్యాయంత్రాలు నడవసాగాయి. అమ్మేవారికి ఆ ప్రగతి రుచించలేదు.

2011లో వి.ఎం.వేర్ జ్ఞాపకశక్తిని కొలబద్దగా చేయబోయింది. అయిదవ తరం సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటె ఖరీదైన లైసెన్సుకు 48 గిగాబైట్ల పరిమితి పెట్టింది. కొనుగోలుదారులు గగ్గోలు పెట్టడంతో కొద్ది వారాలలోనే దానిని 96కు పెంచింది. అప్పటికీ అసంతృప్తి చల్లారక, 2012లో ఆ పద్ధతినే విడిచిపెట్టింది. 2020లో మళ్లీ పీట వద్దకు వచ్చి, ఒక లైసెన్సు ఒక ప్రాసెసర్‌లోని 32 కోర్‌ల వరకే చెల్లుతుందని నియమం చేసింది. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ సంస్థ వి.ఎం.వేర్‌ను కొనుగోలు పూర్తిచేసింది. ఒప్పందం ప్రకటించిన 2022 మేలో ఆ వ్యవహారపు విలువ 6,100 కోట్ల డాలర్లు. కొన్న మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం నిలిచిపోయింది. ఇక అంతా చందా పద్ధతి, కోర్‌ల లెక్క. పట్టా పోయి కౌలు వచ్చిందంటే మన పెద్దలకు తేలికగా బోధపడుతుంది. వి-సెంటర్‌ను విడిగా కొనే అవసరం తప్పి, అది చందాలోనే కలిసి వస్తుంది. అది సౌకర్యమే. కాని కోర్‌ల లెక్కలో ఒక చిన్న షరతు ఉంది: ప్రాసెసర్‌లో ఎన్ని తక్కువ కోర్‌లున్నా పదహారుగానే లెక్కిస్తారు.

ఆ షరతు ప్రభావాన్ని ఒక డాక్టరుగారి క్లినిక్‌లో చూద్దాం. రోగుల రికార్డులు, ఎక్స్‌రే చిత్రాలు, అపాయింట్‌మెంట్ల పుస్తకం – వీటికోసం మూడు సర్వర్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కదానిలో రెండు ప్రాసెసర్లు, ఒక్కొక్క ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్‌లు. నిజంగా ఉన్న కోర్‌లు 48. చందా కట్టవలసినది 96 కోర్‌లకు. అదే క్లినిక్ పూర్వం ఎసెన్షియల్స్ అనే చిన్న పొట్లం కొనుక్కునేది. రెండేసి ప్రాసెసర్ల సర్వర్లు మూడింటి వరకు లైసెన్సులు, వాటికి ఒక వి-సెంటర్, అన్నీ ఒక్క ధరకు గంపగుత్తగా వచ్చేవి. దాని పెద్దన్న ఎసెన్షియల్స్ ప్లస్. 2024 ముగిసేలోగా రెండూ అమ్మకాల పట్టీనుండి తొలగిపోయాయి. ఉచిత హైపర్‌వైజర్ కూడా 2024 ఫిబ్రవరిలో ఆగిపోయి, 2025 ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది, ఎప్పటిలాగే దస్తరానికి దూరంగా. తన సరుకుకు తాను ధర పెట్టుకునే హక్కు ప్రతి వ్యాపారికీ ఉంది. దానితో నాకు పేచీ లేదు. బస్తాలు కొనేవారికోసం దుకాణం నడుపుతూ, సోలెడు కొనేవారికి సోల తీసివేయడమే నాకు నచ్చని పని. మన దేశీయులు నడిపే క్లినిక్‌లు, మోటళ్లు, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు చాలావరకు సోలెడు కొనేవే.

పెద్దవారికీ ఇబ్బంది తప్పలేదు. అమెరికా టెలిఫోన్ సంస్థ ఏ.టి. అండ్ టి. 2024లో బ్రాడ్‌కామ్ మీద న్యూయార్క్ న్యాయస్థానంలో దావా వేసింది. తాము పూర్వం కొన్న శాశ్వత లైసెన్సులకు మద్దతు సేవ కొనసాగించే ఒప్పందాన్ని బ్రాడ్‌కామ్ గౌరవించలేదన్నది వారి వాదం. సుమారు 8,600 సర్వర్ల మీద 75,000 మిథ్యాయంత్రాలు నడుపుతున్నామని, తమకు ప్రతిపాదించిన వార్షిక పెంపు 1,050 శాతమని వారు ఫిర్యాదు చేశారు. అదే ఏడాది నవంబర్‌లో ఉభయులూ రాజీపడ్డారు. 8,600 సర్వర్లున్న వారికి న్యాయవాదులుంటారు. మూడు సర్వర్లున్న డాక్టరుగారికి ఉండేది సాయంత్రాలు వచ్చి చూసిపోయే ఒక కంప్యూటర్ కుర్రవాడు.

ఇంతటితో అయిపోలేదు. మిథ్యాయంత్రం లోపల నడిచే విండోస్‌కు వేరొక లైసెన్సు కావాలి. దాని లెక్క వేరు. 2016 తరం నుండి విండోస్ సర్వర్‌ను కూడా కోర్‌లతోనే కొలుస్తున్నారు: ప్రాసెసర్‌కు కనీసం 8, సర్వర్‌కు కనీసం 16. స్టాండర్డ్ రకం లైసెన్సు రెండు మిథ్యాయంత్రాలకు చాలుతుంది. మూడవది కావాలంటే సర్వర్‌లోని కోర్‌లన్నిటికీ మళ్లీ కొనాలి. డేటాసెంటర్ రకం కొంటే లెక్కలేదు. ఇక్కడే నిపుణులు సైతం తడబడే మెలిక ఉంది. ఈ లైసెన్సు అంటుకొని ఉండేది భౌతికమైన సర్వర్‌ను. సర్వర్ పూర్తిగా చెడిపోతే తప్ప, దానిని మరొక సర్వర్‌కు మార్చాలంటే తొంభై రోజులు ఆగాలి. మిథ్యాయంత్రమేమో వి-మోషన్ పుణ్యాన క్షణాలలో మారిపోతుంది! అందుచేత రెండు సర్వర్లున్న చోట, ఒకదానిమీద రెండు, మరొకదానిమీద రెండు విండోస్ యంత్రాలు నడుస్తూ, మరమ్మతు వేళ నాలుగూ ఒకే సర్వర్ మీదికి చేరే అవకాశం ఉంటే, రెండు సర్వర్లకూ నాలుగు యంత్రాలకు తగిన లైసెన్సులు ముందే ఉండాలి. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే అదనపు ఒప్పందం కట్టుకున్నవారికి వేరే వెసులుబాట్లు ఉన్నాయి. వాటికి వేరే ధర.

ఒరాకిల్ డేటాబేసు విషయం ఇంకా విచిత్రం. వి.ఎం.వేర్ చేసే విభజనను లైసెన్సు పరిమితిగా గుర్తించబోమని ఆ సంస్థ విధాన పత్రం చెబుతోంది. డేటాబేసు ఎనిమిది సర్వర్ల సమూహంలో ఒక్కదాని మీదనే నడుస్తున్నా, తరలిపోగల అవకాశం ఉన్నది కనుక అన్నిటికీ లైసెన్సు కావాలన్నది వారి వైఖరి. తమాషా ఏమిటంటే, ఈ పత్రం విద్యార్థ ప్రయోజనానికే గాని ఒప్పందంలో భాగం కాదని ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. అందువల్ల అనుభవజ్ఞులు ఒరాకిల్ యంత్రాలను విడి సమూహంలో వేరుచేసి ఉంచుతారు. మేము మండే ద్రావకాలను విడి బీరువాలో పెట్టినట్లు.

మరి ప్రత్యామ్నాయాలు? ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ హైపర్-వి 2008 నుండి విండోస్ సర్వర్‌లో భాగంగా వస్తోంది. చిన్న ఏర్పాటుకు దానితో వచ్చే సాధనాలే సరిపోతాయి. సర్వర్లు పెరిగి మేనేజర్ కావాలంటే సిస్టమ్ సెంటర్ లైసెన్సు, అదీ కోర్‌ల లెక్కనే. ఇజ్రాయెల్ దేశపు కుమ్రానెట్ సంస్థలో పుట్టిన కె.వి.ఎం. 2007లో లినక్స్ అంతర్భాగంలో చేరిపోయింది. వియన్నా నగరంలో తయారై 2008లో తొలిసారి విడుదలైన ప్రాక్స్‌మాక్స్ దాని మీద నిర్మించినదే. అందులో హైపర్‌వైజరూ నిర్వహణ సాఫ్ట్‌వేరూ కలిసే వస్తాయి, తరలింపు సదుపాయంతో సహా. ఇవి ఉచితమంటే లైసెన్సు లేనివని కాదు. లినక్స్‌ది జి.పి.ఎల్., ప్రాక్స్‌మాక్స్‌ది ఏ.జి.పి.ఎల్. వాడుకునేవాడి కోర్‌లనూ పీటలనూ ఈ లైసెన్సులు లెక్కపెట్టవు. మార్చి ఇతరులకు పంచేటప్పుడు మూలరచనను కూడా పంచమంటాయి. మార్చిన రూపాన్ని నెట్‌వర్క్ ద్వారా ఇతరులకు వాడుకోనిచ్చినా పంచవలసిందేనంటుంది రెండవది. మద్దతు సేవ కావాలనుకున్నవారు పీటకు ఇంత అని చందా కట్టవచ్చు. కట్టకపోతే యంత్రం ఆగదు.

అయితే ఇల్లు మారడం ఎప్పుడూ చౌక కాదు. పాత డిస్కులను కొత్త రూపానికి మార్చాలి. విండోస్‌లో కొత్త డ్రైవర్లు ముందే ఎక్కించాలి. బ్యాకప్ పద్ధతి కొత్తగా నేర్చుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, వైద్య సాఫ్ట్‌వేర్ అమ్మినవారు కొత్త హైపర్‌వైజర్ మీద తమ సరుకుకు మద్దతు ఇస్తారో లేదో ముందుగా కాగితం మీద రాయించుకోవాలి. మా పరికరాల విషయంలోనూ ఇదే చిక్కు. హైపర్‌వైజర్ పేరు వినగానే, తయారీదారు ప్రతినిధి ముఖంలో రంగు మారుతుంది.

రెన్యువల్ కొటేషన్ చేతికి వచ్చినవారు మొత్తం కింద ఉన్న అంకె చూసి గుండె పట్టుకునే ముందు, దానిలోని కోర్‌ల సంఖ్యను తమ సర్వర్లలోని అసలు సంఖ్యతో పోల్చి చూడాలి. తేడా ఉంటే కారణం పదహారు కోర్‌ల షరతే కావచ్చు. మూడు పాత సర్వర్ల పనిని పదహారేసి కోర్‌ల ప్రాసెసర్లున్న రెండు కొత్త సర్వర్లు చేయగలిగితే, పైన చెప్పిన క్లినిక్ లెక్క 96 నుండి 64కు దిగుతుంది. అయితే ఆ రెండు సర్వర్లలోనూ నిజమైన కోర్‌లు 64 కనుక, విండోస్ లైసెన్సుల లెక్క 48 నుండి పైకి పోతుంది. రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకొని చూడాలి. శాశ్వత లైసెన్సు ఉన్నవారు అది రద్దయిందని భయపడనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, ఆగిపోయేది మద్దతు ఒప్పందం. వి.ఎం.వేర్ ఏడవ తరానికి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 2న ముగిసింది. ఎనిమిదవ తరానికి గడువు 2027 అక్టోబర్ 11. ఇల్లు మారదలచుకున్నవారికి పరీక్షలకూ, తరలింపుకూ కలిపి ఒక ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.